బారిసాల్ నుంచి వచ్చిన శాసనసభ్యుడు: జోగేంద్రనాథ్ మండల్

(కలకత్తాలో వైశాఖ పూర్ణిమ సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

వైశాఖ పూర్ణిమనాడు బోధిసత్త్వుని జీవితం గురించో, ధమ్మపదం గురించో మాట్లాడటం ఆనవాయితీ. కార్యదర్శిగారు మాకు ఉత్తరం రాసినప్పుడు అదే ఆశించారు. మేము ఒక శాసనసభ్యుని గురించి మాట్లాడతామని బదులు రాశాం. వారు అభ్యంతరం చెప్పలేదు, కాని కొంత ఆశ్చర్యపడ్డారని వారి రెండో ఉత్తరం చూస్తే తెలిసింది. మేము అంటే మా కళాశాల చరిత్ర శాఖలో కలిసి పనిచేసే ముగ్గురం. చదువుతున్న గొంతు ఒకటే అయినా దీని తయారీలో ముగ్గురి చేయీ ఉంది. తప్పులుంటే ముగ్గురివీ అనుకోండి.

ఆ శాసనసభ్యుని పేరు జోగేంద్రనాథ్ మండల్. దీక్షాపరుల చరిత్రలో భాగంగా మేము ఆయనను ఈ రోజు తలచుకోవటం లేదు. 1946 జూలైలో బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగ సభకు ఎన్నికైనది ఈ కలకత్తా నగరంలో, ఇక్కడి శాసనసభ్యుల ఓట్లతో. ఆ ఓట్లను ఒక్కటొక్కటిగా కూడగట్టిన మనిషి మండల్. ఈ సంగతి మన సభలలో ఒక వాక్యంగా వినిపిస్తుంది, చప్పట్లు మోగుతాయి, తరువాతి వక్త లేస్తారు. ఆ వాక్యానికి ముందు ఏముంది, వెనుక ఏముంది అన్నది చెప్పుకోవటం తక్కువ. చెప్పుకోవటానికి కొంత ఇబ్బంది కూడా ఉంది. ఆ ఇబ్బందిని దాటవేయకుండా చెప్పాలన్నదే మా ప్రయత్నం.

నిన్న మధ్యాహ్నం మేము శాసనసభ భవనం దాకా నడిచి వెళ్ళాం. 1931లో వాడుకలోకి వచ్చిన భవనం అది. గేటు వద్ద కాపలా ఉద్యోగి ఎవరి కోసం వచ్చారని అడిగారు. 1937లో ఇక్కడ కూర్చున్న ఒక సభ్యుని కోసం అన్నాం. ఆయన నవ్వి, ఎండలో నిలబడవద్దని చెట్టు నీడ చూపించారు.

మండల్ 1904 జనవరి 29న అప్పటి బాకర్‌గంజ్ జిల్లాలో, అంటే బారిసాల్ ప్రాంతంలో, మైస్తర్‌కాంది అనే పల్లెలో నామశూద్ర కుటుంబంలో పుట్టారు. మన కోనసీమ లంకలు చూసినవారికి బారిసాల్ నేల కొంతవరకు ఊహకు అందుతుంది. నది ఎక్కడ ముగిసి పొలం ఎక్కడ మొదలయిందో తెలియని సీమ. పడవ లేనివారికి కాళ్ళు లేనట్లే. ఆ బురదను వరిపొలంగా మార్చినవారు నామశూద్రులు, పేద ముస్లిం రైతులు. పంట మాత్రం ఎక్కువ భాగం దూరంగా ఉన్న భూస్వాముల గాదెలకు చేరేది. నామశూద్రులను జనాభా లెక్కలలో సైతం చండాలురనే పేరుతో నమోదు చేసేవారు. దశాబ్దాల పోరాటం తరువాత 1911 లెక్కలలో ఆ పేరు పోయి నామశూద్ర అన్న పేరు వచ్చింది. ఒరకాందిలో గురుచాంద్ ఠాకూర్ మతువా సంప్రదాయం ద్వారా ఊరూరా బడులు పెట్టించిన కాలం అది. మండల్ తరం ఆ బడుల గాలి పీల్చి పెరిగిన తరం.

ఆయన బారిసాల్‌లోని బ్రజమోహన్ కళాశాలలో చదివి 1929లో పట్టభద్రులయ్యారు. ఆ కళాశాల స్థాపకులు జాతీయోద్యమ నాయకులు అశ్వినీకుమార్ దత్తా. ఈ పేరును కాస్త గుర్తు పెట్టుకోండి. తరువాత కలకత్తా వచ్చి 1934లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. ఇక్కడి స్మాల్ కాజెస్ కోర్టులో కొంతకాలం, ఆపైన బారిసాల్‌లో వకీలుగా పనిచేశారు.

1937 ఎన్నికలు అర్థం కావాలంటే పూనా ఒడంబడిక దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1932 సెప్టెంబరులో కుదిరిన ఆ ఒడంబడిక ప్రకారం నిమ్న వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి నియోజకవర్గాలలో రిజర్వు స్థానాలు వచ్చాయి. బెంగాల్ శాసనసభలోని 250 స్థానాలలో అవి 30. తొలి దశలో షెడ్యూల్డ్ కులాల ఓటర్లు తమలో నుంచి నలుగురిని ఎంపిక చేస్తారు. మలి దశలో ఆ నలుగురిలో ఎవరు గెలవాలో హిందూ ఓటర్లందరూ కలిసి నిర్ణయిస్తారు. ఆ మలి దశే గొంతుముడి. తమవారికి ఇష్టుడైన మనిషి ఆధిక్య కులాల ఓటర్లకు ఇష్టుడు కానవసరం లేదు. 

మండల్ ఆ 30 స్థానాలలో దేనికీ పోటీ చేయలేదు. బాకర్‌గంజ్ ఈశాన్య నియోజకవర్గంలో రిజర్వు కాని జనరల్ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. ఎదుట ఉన్నది జిల్లా కాంగ్రెస్ నాయకులు సరళ్ కుమార్ దత్తా. ఆయన పైన చెప్పిన అశ్వినీకుమార్ దత్తాకు సోదరుని కుమారుడు. ఆస్తి, పన్ను, చదువుల అర్హతలను బట్టి ఓటుహక్కు ఉన్న రోజులవి, అంటే పేదలలో చాలామందికి ఓటే లేదు. ఆ పరిస్థితిలో 33 ఏళ్ళ నామశూద్ర వకీలు, తాను చదివిన కళాశాల స్థాపకుల వంశీకుని ఓడించి ఈ భవనంలోకి వచ్చారు. మా విద్యార్థులకు ఈ భాగం చెప్పినప్పుడు తరగతి గదిలో నిశ్శబ్దం అలముకుంటుంది.

సభలోకి వచ్చిన మండల్‌కు త్వరలోనే ఒక లెక్క బోధపడింది. ఏ పక్షానికీ పూర్తి ఆధిక్యం లేని సభ అది. కృషక్ ప్రజా పార్టీ నాయకులు ఫజ్లుల్ హక్ ముస్లిం లీగుతో కలిసి మంత్రివర్గం ఏర్పరచారు. అటువంటి సభలో ఇరవై ముప్పయి ఓట్లు కూడబలుక్కుంటే మంత్రివర్గాలను నిలపవచ్చు, కూల్చవచ్చు. కాని షెడ్యూల్డ్ కులాల సభ్యులు చెల్లాచెదరుగా ఉన్నారు. హక్ మంత్రివర్గంలో వారి నుంచి ఇద్దరికే చోటు దక్కింది. వారిలో ఒకరు ముకుంద బిహారీ మల్లిక్, సహకార ఋణాలు, గ్రామీణ ఋణభార శాఖ మంత్రి. మల్లిక్ వృత్తిరీత్యా వకీలు, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాళీ భాష బోధించినవారు. ఒక నామశూద్రుడు సుత్తపిటకం భాషను విశ్వవిద్యాలయంలో బోధించాడన్న సంగతి ఈ సభలో ఎక్కువమందికి కొత్తదే కావచ్చు. మాకూ కొంతకాలం క్రితం వరకు తెలియదు. అది వేరే ప్రసంగానికి తగిన విషయం. ఆయన పేరు కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

1938లో మండల్, మరికొందరు కలిసి ఇండిపెండెంట్ షెడ్యూల్డ్ క్యాస్ట్ పార్టీ అనే చిన్న పక్షాన్ని సభలో ఏర్పరచారు. ఆ సంవత్సరాలలో ఆయన కాంగ్రెసుకు వ్యతిరేకి కాదు. శరత్ చంద్ర బోస్, సుభాష్ చంద్ర బోస్ సోదరులతో సన్నిహితంగా మెలిగారు. కలకత్తా కార్పొరేషన్ కౌన్సిలరుగా కూడా ఎన్నికయ్యారు. సుభాష్ బోస్‌ను కాంగ్రెసు వదులుకున్న తరువాత ఆ పక్షంతో ఆయన బంధం తెగిపోయింది. 1942 జూలైలో నాగపూరులో అఖిల భారత షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ పుట్టింది. మరుసటి ఏడు బెంగాల్ శాఖకు మండల్ నాయకులయ్యారు.

1943 వసంతంలో హక్ మంత్రివర్గం పడిపోయింది. ముస్లిం లీగు పక్షాన ఖ్వాజా నజీముద్దీన్ ప్రభుత్వం ఏర్పాటు చేయాలంటే షెడ్యూల్డ్ కులాల సభ్యుల ఓట్లు కావలసి వచ్చాయి. మండల్ వెంట మరో 21 మంది సభ్యులు ఉన్నారు. ఆ రోజు ఆయన పెట్టిన షరతులను ప్రత్యేకంగా గమనించమని మనవి. మంత్రివర్గంలో ముగ్గురు షెడ్యూల్డ్ కులాల మంత్రులు ఉండాలి. షెడ్యూల్డ్ కులాల విద్యకు ఏటా 5 లక్షల రూపాయలు తప్పనిసరి వ్యయంగా మంజూరు కావాలి. ప్రభుత్వోద్యోగ నియామకాలలో నిర్ణీత నిష్పత్తి నియమాలను మినహాయింపులు లేకుండా అమలు చేయాలి. మూడూ ఒప్పుకున్న తరువాతే మద్దతు. ఇందులో ఉపన్యాసం లేదు, ఆవేశం లేదు. ఒక గుమాస్తా చిట్టా రాసినట్లు ఉంది. శాసనసభ్యుడంటే మా దృష్టిలో ఇది. తన ఓటుకు ధర తెలిసి, ఆ ధరను తన జేబుకు కాక బడికి వెళ్ళే పిల్లవాని పలకకు చెల్లించమన్నవాడు.

ఆ మంత్రివర్గంలో మండల్‌కు దక్కినది మల్లిక్ అంతకుముందు నిర్వహించిన శాఖే, సహకార ఋణాలు, గ్రామీణ ఋణభారం. బారిసాల్ రైతు బిడ్డకు అంతకంటే తెలిసిన శాఖ ఉండదు.

ఇప్పుడు మొదటి ఇబ్బంది. 1943 అంటే బెంగాల్ కరువు. మృతుల సంఖ్య ప్రభుత్వ విచారణ సంఘం అంచనా ప్రకారం సుమారు 15 లక్షలు, తరువాతి పరిశోధకులు దాదాపు 30 లక్షలంటారు. ఈ కలకత్తా కాలిబాటల మీద గంజి అడుగుతూ పడిపోయినవారిలో భూమి లేని కూలీలు, జాలరులు అధికం. వారిలో మండల్ సొంత జనం ఎంతోమంది. ఆహార సరఫరాల శాఖ సుహ్రావర్దీది, యుద్ధ విధానం లండన్‌ది, బియ్యం దాచినది వ్యాపారులు. ఇవన్నీ నిజం. అయినా ఆ మంత్రివర్గంలో ఆయన కూర్చునే ఉన్నారు. 5 లక్షల విద్యా నిధిని మెచ్చుకున్న నోటితోనే ఈ మాట కూడా చెప్పకపోతే మేము చరిత్ర బోధించటానికి తగము. 1945 మార్చిలో ఆ మంత్రివర్గం సభలో ఓడి పడిపోయింది.

1946 ఎన్నికలలో ఒక వైపు కాంగ్రెసు, మరో వైపు లీగు, మధ్యలో ఎవరికీ చోటు లేకుండా పోయింది. బెంగాల్ మొత్తం మీద ఫెడరేషన్ టిక్కెట్టు మీద గెలిచినది ఒక్కరే, మండల్. బొంబాయిలో ఫెడరేషన్‌కు ఒక్క స్థానమూ రాలేదు. అంబేద్కర్ సొంత రాష్ట్రంలోనే ఆయనను రాజ్యాంగ సభకు పంపగల శాసనసభ్యుడు లేని స్థితి.

రాజ్యాంగ సభ ఎన్నిక ప్రజల ఓట్లతో జరగలేదన్నది ఇక్కడ ముఖ్యం. క్యాబినెట్ మిషన్ ప్రణాళిక ప్రకారం ప్రతి రాష్ట్ర శాసనసభ్యులు, సుమారు పది లక్షల జనాభాకు ఒకరి చొప్పున, రాజ్యాంగ సభ్యులను ఎన్నుకోవాలి. బెంగాల్ వాటా 60. అందులో 33 ముస్లిం స్థానాలు, 27 జనరల్ స్థానాలు. జనరల్ సభ్యులు జనరల్ స్థానాలకు, ముస్లిం సభ్యులు ముస్లిం స్థానాలకు ఓటు వేస్తారు. పద్ధతి ఏక బదిలీ ఓటు, అంటే అభ్యర్థుల పేర్లకు ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్య క్రమం రాయాలి. ఈ పద్ధతిలో ఒక చమత్కారం ఉంది. స్థానాలు ఎక్కువ, ఓటర్లు తక్కువ అయినప్పుడు చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగినంత మంది గట్టిగా తొలి ప్రాధాన్యం ఇస్తే చాలు, అభ్యర్థి నెగ్గుతాడు. కాంగ్రెసు ఎంత పెద్దదయినా ఆ కొద్దిమందిని అడ్డుకోలేదు.

మండల్‌కు ఈ లెక్క తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆయన చేస్తున్న పనే అది. ఆయన అంబేద్కర్‌ను బెంగాల్ నుంచి నిలబెట్టారు. అంబేద్కర్ స్వయంగా కలకత్తా వచ్చారు. ఫెడరేషన్ సభ్యుడు ఒక్కరే కనుక మిగతా ఓట్లు ఇతర పక్షాల నుంచి, స్వతంత్రుల నుంచి రావాలి. టాంగైల్ సభ్యుడు గయానాథ్ బిశ్వాస్ కాంగ్రెసు మనిషి, అయినా అంబేద్కర్ పేరును బలపరచారు. పాళీ పండితులు ముకుంద బిహారీ మల్లిక్ అండగా నిలిచారు. ఉత్తర బెంగాల్ నుంచి రాజవంశీ సభ్యులు తోడయ్యారు. తమ పార్టీ ఆజ్ఞను కాదని ఓటు వేసినవారు ఆ తరువాత ఏ పదవులూ ఆశించగల స్థితిలో లేరు. అంబేద్కర్ ఎన్నికయ్యారు. 1946 డిసెంబరు 17న రాజ్యాంగ సభలో ఆయన చేసిన తొలి ప్రసంగాన్ని వ్యతిరేకులు సైతం శ్రద్ధగా విన్నారు. ఆ వేదిక మీదికి ఆయనను చేర్చినది ఈ కొద్దిమంది.

ఇక మన సభలలో తరచుగా వినిపించే ఒక కథ. బారిసాల్, ఖుల్నా, జెస్సోర్, ఫరీద్‌పూర్ జిల్లాల ప్రజలు అంబేద్కర్‌కు ఓటు వేసి గెలిపించారు కాబట్టి, వారిని శిక్షించటానికి ఆ నాలుగు జిల్లాలను కాంగ్రెసు పాకిస్తాన్‌కు ఇచ్చివేసిందని. ఎందరో పెద్దలు ఈ మాట చెబుతారు, కరపత్రాలలో అచ్చవుతుంది. మేమూ ఒకప్పుడు చెప్పినవారమే. అది నిలబడదు. అంబేద్కర్ స్థానానికి జిల్లా లేదు, నియోజకవర్గం లేదు, ప్రజల ఓటు లేదు. శాసనసభ్యుల ఓట్లతో వచ్చిన స్థానం అది. సరిహద్దు గీసినది రాడ్‌క్లిఫ్ సంఘం, ఆ తీర్పు 1947 ఆగస్టు 17న వెలువడింది. ఆ నాలుగింటిలో ఖుల్నా ఒక్కటే స్వల్పంగా హిందువులు ఎక్కువగా ఉన్న జిల్లా. అది అటు పోయింది, ముస్లింలు ఎక్కువగా ఉన్న ముర్షిదాబాద్ ఇటు వచ్చింది. కారణం భాగీరథి ప్రవాహం, దాని మీద ఆధారపడిన ఈ కలకత్తా రేవు. జెస్సోర్ జిల్లాలో సైతం బన్‌గావ్ వైపు భాగం భారతదేశంలోనే ఉండిపోయింది.

ఆ కథకు విత్తనం మాత్రం నిజమే. బెంగాల్ చీలటంతో అంబేద్కర్ తన స్థానం కోల్పోయారు. పశ్చిమ బెంగాల్ సభ్యులు కొత్తగా ఎన్నుకున్నవారిలో ఆయన లేరు. 1947 జూన్ 30న రాజేంద్రప్రసాద్ బొంబాయి ప్రధాని బి.జి. ఖేర్‌కు ఉత్తరం రాసి, ఎం.ఆర్. జయకర్ ఖాళీ చేసిన స్థానంలో అంబేద్కర్‌ను వెంటనే ఎన్నుకోవాలని కోరారు. ఆయన బొంబాయి నుంచి తిరిగి వచ్చారు. ఆగస్టు చివరికి రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులయ్యారు. అయితే బెంగాల్ స్థానం వృథా అయిందా? కాలేదని మా అభిప్రాయం. అంబేద్కర్ లేకుండా రాజ్యాంగ సభ నడవటం నష్టమని కాంగ్రెసు పెద్దలకు అనిపించినది ఆ కొద్ది నెలలలో ఆయన పనిని చూసిన తరువాతే. కల్పిత కథ చెబితే ఏమవుతుందంటే, ఎవరో ఒక్క పుస్తకం తిరగవేసి దాన్ని తప్పని తేల్చిన రోజున దానితోపాటు నిజం కూడా కొట్టుకుపోతుంది. కాలామసుత్తం విన్నవారికి దీని మీద మేము ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు రెండో ఇబ్బంది, అసలైనది. 1946లో మండల్ సుహ్రావర్దీ మంత్రివర్గంలో చేరారు. ఆగస్టు 16న కలకత్తాలో మారణకాండ, అక్టోబరులో నవాఖాలీ. ఆయన రాజీనామా చేయలేదు. హిందూ పత్రికలు ఆయనను జోగెన్ అలీ ముల్లా అని ఎగతాళి చేశాయి. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఆగ్రహించిన గుంపుల నుంచి తనను కాపాడినది తన ఆధిక్య కుల ఇరుగుపొరుగువారేనని తరువాత ఆయన కృతజ్ఞతతో రాసుకున్నారు. ఆయన వాదన ఇది. బెంగాల్‌లో ముస్లింలలో ఎక్కువమంది రైతులు, కూలీలు, జాలరులు. నామశూద్రులూ అంతే. ఇరువురూ చదువులో వెనుకబడినవారు. ఇరువురి భూస్వామీ ఒకడే. కాబట్టి వీరి శ్రేయస్సు ఒకటే. బురదలో పక్కపక్కన నాట్లు వేసిన మనిషికి తోచే వాదన. అందులో అబద్ధం లేదు. అయితే నాయకత్వం, రాజ్యం, మతం కలిసినప్పుడు నాట్లు వేసే చేతుల స్నేహం ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్న ఆ వాదనలో లేదు.

1946 అక్టోబరులో ఢిల్లీ మధ్యంతర ప్రభుత్వంలోకి లీగు పంపిన అయిదుగురిలో మండల్ ఒకరు. న్యాయశాఖ ఆయనది. బెంగాల్ విభజనను ఆయన వ్యతిరేకించారు. అది జరిగిపోయాక పాకిస్తాన్ వైపు వెళ్ళారు. 1947 ఆగస్టు 10న కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షులు ఆయనే. ఆ కొత్త దేశానికి తొలి న్యాయ, కార్మిక శాఖల మంత్రి. అదే ఆగస్టులో ఢిల్లీలో న్యాయశాఖ మంత్రి అంబేద్కర్. ఒక్కసారి ఊహించండి, విడిపోయిన రెండు దేశాల తొలి న్యాయమంత్రులూ ఒకే ఫెడరేషన్ నాయకులు, ఇద్దరూ అంటరానివారని పిలవబడిన కులాలవారు.

తెలంగాణ నుంచి వచ్చినవారికి ఈ ఘట్టం పరాయిదిగా తోచదు. అదే కాలంలో హైదరాబాదులో బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉన్నారు. బి. శ్యాంసుందర్ 1948 సెప్టెంబరులో నిజాం ప్రతినిధి వర్గంలో సభ్యునిగా భద్రతా మండలి ముందుకు వెళ్ళారు. వారి లెక్కా మండల్ లెక్కే. 1947 నవంబరు చివర అంబేద్కర్ బహిరంగ ప్రకటన చేశారు. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డ్ కులాలవారు వీలయిన దారిన భారతదేశం రావాలని, హిందువుల మీద కోపంతో లీగును నమ్మటం ప్రమాదమని, హైదరాబాదులోనివారు నిజాం పక్షం, ఇత్తెహాద్ పక్షం వహించరాదని దాని సారాంశం. మండల్ అప్పటికి కరాచీలో మంత్రి. ఆ మాటలు ఆయనకు ఎలా వినిపించి ఉంటాయి? మా ముగ్గురిలో ఈ ప్రశ్న మీద ఏకాభిప్రాయం కుదరలేదు. ఒకరు మండల్ అప్పుడే తిరిగి రావలసిందంటారు. మరొకరు, లక్షల మంది రైతులు పడవలు, పొలాలు వదలి రాలేక అక్కడే ఉండిపోతే వారి ప్రతినిధి ఎలా వచ్చేస్తాడంటారు.

1949 డిసెంబరులో ఖుల్నా జిల్లా కాల్‌శిరా అనే నామశూద్ర గ్రామం మీద దాడి జరిగింది. 1950 ఫిబ్రవరిలో తూర్పు బెంగాల్ అంతటా, బారిసాల్‌లో మరీ దారుణంగా అల్లర్లు చెలరేగాయి. మండల్ తిరిగి చూశారు, విన్నారు, కరాచీకి విన్నవించారు. ఫలితం లేకపోయింది. 1950 అక్టోబరు 8న ప్రధాని లియాకత్ అలీ ఖాన్‌కు సుదీర్ఘమైన రాజీనామా లేఖ రాశారు. అప్పటికి ఆయన కలకత్తాలో ఉన్నారు.

ఆ లేఖను కొందరు నేడు ఒక మతం మీద ద్వేషం రగిలించటానికి ముక్కలుగా కోసి పంచుతున్నారు. పూర్తిగా చదివినవారు అలా చేయలేరు. అది 1943 షరతులతో మొదలవుతుంది. తాను లీగుతో ఎందుకు చేతులు కలిపాడో, ఏ హామీలు వచ్చాయో, ఏవి నెరవేరలేదో, ఏ ఊరిలో ఏం జరిగిందో వరుసగా రాశారు. తన నమ్మకం ఎక్కడ విరిగిందో దాచలేదు. ఆ దేశంలో హిందువులకు భవిష్యత్తు లేదన్న నిర్ణయానికి వచ్చానని ఒప్పుకున్నారు. తన రాజకీయ జీవితంలోని అతి పెద్ద పొరపాటుకు తానే సాక్ష్యం రాసి సంతకం పెట్టిన శాసనసభ్యులు మన దేశంలో ఎందరున్నారో మీరే ఆలోచించండి. మేము వెతికాం, ఎక్కువమంది దొరకలేదు.

ఇదే 1950లో, ఆ లేఖకు కొన్ని నెలల ముందు, ఈ నగరం నుంచే వెలువడే మహాబోధి సొసైటీ పత్రిక వైశాఖ సంచికలో బుద్ధుడు, ఆయన ధర్మ భవిష్యత్తు గురించి అంబేద్కర్ వ్యాసం అచ్చయింది. కాలేజ్ స్క్వేర్ పక్కన ధర్మరాజిక విహారం ఎరుగనివారు ఇక్కడ లేరు. అంబేద్కర్ మార్గం ఆ వ్యాసం నుంచి నాగపూరు దీక్షాభూమి వైపు సాగింది. మండల్ మార్గం సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాల మీద, శరణార్థి శిబిరాలలో సాగింది.

తరువాతి పద్దెనిమిదేళ్ళ గురించి చెప్పవలసింది ఎక్కువే, మేము క్లుప్తంగా ముగిస్తాం. ఆయన ఎన్నికలలో పలుమార్లు నిలిచారు, ఒక్కసారీ గెలవలేదు. 1967లో రిపబ్లికన్ పార్టీ పక్షాన బారాసాత్ నుంచి లోక్‌సభకు పోటీ చేసినప్పుడూ అంతే. పాకిస్తాన్ మంత్రి అన్న మాట ఆయనను వదలలేదు. ఆయనకు ఓటు వేయగలిగినవారు శిబిరాలలో, రైలు పట్టాల పక్క గుడిసెలలో చెదరిపోయారు. తూర్పు బెంగాల్ నుంచి ఆలస్యంగా వచ్చిన శరణార్థులలో నామశూద్రులే ఎక్కువ. ముందు వచ్చిన ఆధిక్య కులాలవారు కలకత్తా చుట్టుపక్కల కాలనీలు కట్టుకోగలిగారు. వీరిని మాత్రం దండకారణ్యం పంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. దండకారణ్యం అంటే మన భద్రాచలం అడవులకు ఎగువన మల్కన్‌గిరి, కోరాపుట్, బస్తర్ ప్రాంతం. నీళ్ళలో పుట్టినవారిని రాతినేల మీదికి పంపటాన్ని మండల్ వ్యతిరేకించారు, ఊరేగింపులు నడిపారు. సీలేరు, మోతుగూడెం వైపు ఉద్యోగాలు చేసినవారు ఆ బెంగాలీ ఊళ్ళను చూసే ఉంటారు. ఆ ఊళ్ళవారి తాతలలో కొందరు 1937లో బాకర్‌గంజ్‌లో మండల్‌కు ఓటు వేసినవారు కావచ్చు.

1968 అక్టోబరు 5న బన్‌గావ్‌లో ఆయన మరణించారు. రానున్న శాసనసభ మధ్యంతర ఎన్నికలకు సిద్ధమవుతున్న రోజులవి. 64 ఏళ్ళ వయసు. బన్‌గావ్ అంటే పైన చెప్పినదే, జెస్సోర్ జిల్లా నుంచి భారతదేశానికి మిగిలిన ముక్క. సరిహద్దు అక్కడికి కొన్ని మైళ్ళే.

ఒక మనవితో ఆపేస్తాం. ఫెడరేషన్ రోజులలో మండల్, ఆయన సహచరులు జాగరణ్ అనే పత్రిక నడిపేవారు. 1946 అల్లర్లలో, కాంగ్రెసు లీగుల రక్తపాతానికి దూరంగా ఉండమని ఆయన తన జనానికి విజ్ఞప్తి చేసినది దానిలోనే. దాని పాత సంచికలు ఎవరి ఇళ్ళలోనైనా, బన్‌గావ్, బారాసాత్, ఖరగ్‌పూర్ వైపు ఎవరి పెట్టెలలోనైనా ఉండవచ్చు. ఆ కాలపు ఎన్నికల కరపత్రాలు, ఫెడరేషన్ రసీదులు కూడా. చెదలు పట్టినా ఫరవాలేదు. పారవేయకుండా మాకు ఒక్కసారి చూపిస్తే ఫోటోలు తీసుకుని అదే రోజు తిరిగి ఇస్తాం. రేపు సాయంత్రం రైలు దాకా మేము ఇక్కడే ఉంటాం. చిరునామా కార్యదర్శిగారి వద్ద ఇచ్చి వెళుతున్నాం.